కంపెనీ పేరు మారింది, ఇప్పుడు సిమ్‌లూ నెట్టూ మార్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో మూడు నంబర్లు ఒకే కంపెనీవి, ఏడాదిగా లోపలి గదుల్లో సిగ్నల్ సరిగా అందడం లేదు. నెట్ మాత్రం కేబుల్ ఆపరేటర్ వేసిన ఫైబర్. ఈ మధ్య బిల్లు మీద ఆ పాత పేరు పోయి ఒక పెద్ద కంపెనీ పేరు వచ్చింది. ఆ కంపెనీ వాళ్లే ఫోన్ చేసి "సిమ్‌లు కూడా మాకే మార్చుకోండి, అన్నిటికీ ఒకే బిల్లు" అంటున్నారు. నాన్నగారి నంబరుకే బ్యాంకు, గ్యాస్, పెన్షన్ అన్నీ ముడిపడి ఉన్నాయి.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. పేరు మారిందన్న ఒక్క కారణంతో ఫైబర్‌ను కదపకండి. మూడు నంబర్లూ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి చూశాక రెండోది, నాన్నగారిది అన్నిటికన్నా చివర. ఒకే బిల్లు బేరానికి మాత్రం ఒప్పుకోకండి. ఇంట్లో ఫైబర్ ఏ కంపెనీదో, కనీసం ఒక సిమ్ ఆ కంపెనీది కాకుండా ఉండాలి.

పేరు మారడం అన్నప్పుడల్లా ఒకే సంగతి జరగదు. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టు 31న కలిశాయి. వీఐ అనే పేరు వచ్చింది 2020 సెప్టెంబరు 7న. టవర్లను కలపడం, రెండు కంపెనీల పరికరాలు ఒకేచోట ఉంటే ఒకటి తీసేయడం, స్పెక్ట్రం సర్దుకోవడం అంతా ఈ రెండేళ్లలోనూ ఆ తరువాతా నడిచిన పని. కొత్త లోగో వచ్చిన రోజున ఎవరి సిగ్నలూ పెరగలేదు, తగ్గలేదు. టెలినార్ 2018 మేలో, టాటా డొకోమో 2019 జులైలో ఎయిర్‌టెల్‌లో కలిసినప్పుడు వినియోగదారులు తాము ఏమీ చేయకుండానే కొత్త నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోయారు. వాళ్లకు నిజంగానే టవర్లు మారాయి. ఎయిర్‌సెల్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ సంగతి వేరు. 2017 చివర, 2018 మొదట్లో అవి మూతపడుతుంటే చాలామంది పోర్ట్ కోడ్ (నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మారడానికి కావలసిన కోడ్) తెప్పించుకోవడానికి కూడా సిగ్నల్ లేక అవస్థ పడ్డారు. ఆ కోడ్ కోసం మెసేజ్ వెళ్లాల్సింది పాత సిమ్ నుంచే కదా. కాబట్టి మీ కంపెనీ బలహీనపడుతోందని మీకు గట్టిగా అనిపిస్తే, సిగ్నల్ ఉన్న రోజుల్లోనే బయటపడాలి.

బ్రాడ్‌బ్యాండ్‌లో పేరు ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. హైదరాబాద్‌లో బీమ్ అన్నది యాక్ట్ అయింది. హాత్‌వే, డెన్ కంపెనీల్లో మెజారిటీ వాటా కొంటున్నట్టు రిలయన్స్ 2018 అక్టోబరులో ప్రకటించింది, అయినా ఆ పేర్లు అలాగే కొనసాగాయి. అంటే పేరు మారినా లైను పాతదే కావచ్చు, పేరు పాతదే ఉన్నా యజమాని మారి ఉండవచ్చు. మీ కేబుల్ ఆపరేటర్ ఫైబర్‌లో మూడు అంచెలు ఉంటాయి: స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే తీగ, ఆపరేటర్ గదిలో ఉండే ఓఎల్‌టీ పెట్టె (ఇళ్ల ఫైబర్ తీగలు వెళ్లి కలిసే పరికరం), అక్కడి నుంచి బయటి ఇంటర్నెట్‌కు వెళ్లే బ్యాండ్‌విడ్త్. పెద్ద కంపెనీ కొన్నది ఈ మూడింటిలో ఏది? చాలాసార్లు చివరిది ఒక్కటే. అప్పుడు తీగ తెగితే వచ్చేది పాత లైన్‌మనే, రిపేరుకు పట్టే సమయమూ పాతదే. మీరు కేబుల్ ఆయన్ను అడగాల్సింది ఒక్కటే: "లైన్ కంప్లైంట్ వస్తే ఇకనుంచి ఎవరు వస్తారు, మీ మనిషా, కంపెనీ మనిషా?" ఆయన మనిషే అయితే తీగ వరకు మీకు పెద్దగా తేడా ఉండదు. కంపెనీ మనిషి అయితే, ఆ కంపెనీ ఫైబర్ వాడుతున్న పక్కింటివాళ్లను, కిందటిసారి లైను పోయినప్పుడు ఎన్ని రోజులకు వచ్చిందో అడగండి. వాళ్లు చెప్పే జవాబు ఏ ప్రకటన కన్నా నమ్మదగ్గది.

ఇక మొబైల్. 98480 అంటే ఐడియా, 98490 అంటే ఎయిర్‌టెల్, 9440 అంటే బీఎస్ఎన్ఎల్ అని నంబరు చూసి చెప్పే కాలం పోయింది. నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మారే వీలు దేశమంతటా 2011 జనవరి 20న వచ్చింది. వేరే సర్కిల్‌కు (టెలికాం లెక్కలో ఒక ప్రాంతం) కూడా అదే నంబరుతో వెళ్లే వీలు 2015 జులై 3 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్ కనుక, ఈ రెండు రాష్ట్రాల మధ్య మకాం మార్చినా పోర్టింగ్ పరంగా అది లోపలి మార్పే.

ఏ కంపెనీ బాగుంటుందో గీతలు చూసి తేల్చలేరు. గీతలు సిగ్నల్ బలం చెబుతాయి, అదీ ఒక్కో ఫోన్ ఒక్కో రకంగా చూపిస్తుంది. మీకు కావలసింది ఆ బలాన్ని కచ్చితంగా చెప్పే ఆర్ఎస్ఆర్‌పీ అనే అంకె. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ వరకు వెళితే సిగ్నల్ స్ట్రెంగ్త్ దగ్గర డీబీఎంలలో కనిపిస్తుంది. ఐఫోన్‌లో డయలర్‌లో *3001#12345#* కొడితే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. 4జీలో మైనస్ 80 నుంచి 90 మధ్య ఉంటే బాగా ఉన్నట్టు. మైనస్ 100 దగ్గర కాల్స్ నడుస్తాయి, నెట్ నసుగుతుంది. మైనస్ 110 దాటితే తలుపు వేసుకున్నాక మాట తెగుతుంది. ఈ అంకెలు లాగరిథమిక్ అన్నది గుర్తుంచుకోండి: 90కీ 100కీ మధ్య తేడా పది పాయింట్లలా కనిపిస్తుంది, నిజానికి అది పది రెట్లు. కొలవాల్సింది హాల్లో నిలబడి కాదు, పడుకునే గదిలో, వంటింట్లో, మీకు కాల్ తెగే మూల దగ్గర. ఒకసారి తలుపులు మూసి కూడా చూడండి.

బలం ఒక్కటే చాలదు. టవర్ మీద ఎంతమంది ఉన్నారన్నది అసలు బెడద. పొద్దున పదకొండుకు స్పీడ్ టెస్ట్ చేసి 60 ఎంబీపీఎస్ వచ్చిందని సంబరపడితే, రాత్రి తొమ్మిదికి అదే టవర్ మీద 3 వస్తుంది. సిగ్నల్ మైనస్ 85 ఉండి కూడా రాత్రిపూట నెట్ పాకుతుంటే అది రద్దీ. దానికి మీరు ఫోన్ మార్చినా లాభం లేదు, కంపెనీ మార్చాల్సిందే. సిగ్నలే మైనస్ 112 ఉంటే కారణం టవర్ దూరం కావచ్చు, మధ్యలోని గోడలు కావచ్చు. అప్పుడు ముందు వైఫై కాలింగ్ ఆన్ చేసి చూడండి. ఇంట్లో ఫైబర్ ఉంది కాబట్టి మీ విషయంలో కాల్స్ బాధ చాలావరకు దీనితోనే తీరిపోవచ్చు. సెట్టింగ్స్‌లో సిమ్ పేరు కింద ఆ మీట ఉంటుంది. మీ ఫోన్, మీ కంపెనీ రెండూ దాన్ని ఇస్తేనే కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని ఈ ఉపాయాన్ని వదిలేసి నేరుగా పోర్ట్‌కు వెళ్లేవాళ్లే ఎక్కువ.

కొత్త కంపెనీని కొలవడానికి వాళ్ల సిమ్ ఒకటి రెండో స్లాట్‌లో వేసుకుని ఒక 28 రోజుల ప్యాక్ వాడటమే సరైన పద్ధతి. వెబ్‌సైట్లలోని కవరేజ్ మ్యాప్‌లు మొదటి వడపోతకు పనికొస్తాయి. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నాణ్యతా నిబంధనల ప్రకారం కంపెనీలు వాటిని తమ సైట్లలో పెట్టాలి. కానీ ఆ మ్యాప్ మీ స్లాబు మందం లెక్కవేయదు. పరీక్ష కోసం తీసుకున్న సిమ్ నంబరును బ్యాంకుకో ఆధార్‌కో ఎక్కడా ఇవ్వకండి. రీఛార్జి ఆపేస్తే కొన్నాళ్లకు అది రద్దయి ఇంకొకరికి వెళుతుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మన దగ్గర ఒక మనిషికి 9 వరకు పరిమితి.

బ్యాండ్ల సంగతి, అంటే సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీల్లో నడుస్తుందన్నది, చాలామంది పట్టించుకోరు, తరువాత కంపెనీని తిడతారు. జియో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది. దానికి 2జీ, 3జీ అసలు లేవు. అందుచేత పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో జియో సిమ్ పని చేయదు. నాన్నగారు అలాంటి ఫోన్ వాడుతుంటే పోర్ట్ చేసిన రోజున ఆ నంబరు మూగబోతుంది. బీఎస్ఎన్ఎల్ 2025 సెప్టెంబరు 27న దేశవాళీ పరిజ్ఞానంతో 4జీని దేశమంతటా అధికారికంగా ప్రారంభించింది. దానిలో 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28, ముఖ్యమైనది. గోడలు దాటి, దూరం వెళ్లగలిగే బ్యాండ్ అది. కొన్ని పాత 4జీ ఫోన్లలో బ్యాండ్ 28 లేదు. ఆ ఫోన్ పట్టుకుని "బీఎస్ఎన్ఎల్ సిగ్నల్ రావట్లేదు" అంటే తప్పు టవర్‌ది కాదు. 5జీలో కూడా ఇదే: జియో 700 (ఎన్28), 3500 (ఎన్78) రెండూ వాడుతుంది, పైగా స్టాండలోన్ పద్ధతి, అంటే 4జీ మీద ఆధారపడని 5జీ. మీ ఫోన్ మోడల్ పేరు కొట్టి తయారీదారు సైట్‌లో బ్యాండ్ల పట్టిక చూడండి, ఐదు నిమిషాల పని.

ప్లాన్ ధరలు పోల్చేటప్పుడు నెల లెక్క వద్దు, రోజు లెక్క వేయండి. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జిలు. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి ఇవ్వాలని 2022లో ట్రాయ్ ఆదేశించింది. ప్రకటనల్లో కనిపించకపోయినా యాప్‌లో వెతికితే దొరుకుతాయి. నాన్నగారికి మొబైల్ డేటా అవసరం లేకపోతే కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్ అడగండి. 2024 డిసెంబరు సవరణ తరువాత కంపెనీలు అలాంటివి విడిగా ఇవ్వాల్సిందే, వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చు. "అన్‌లిమిటెడ్ 5జీ" అన్న మాటకు మాత్రం షరతు ఉంటుంది. 2024 జులైలో ధరలు పెరిగిన తరువాత రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్యాక్‌లకే దాన్ని పరిమితం చేశారు. ఎంచుకునే ముందు ఆ ప్యాక్ వివరాల్లో ఆ మాట ఉందో లేదో చదవండి.

ఇప్పుడు ఫైబర్‌కు వద్దాం. మీ పాత లైను బాగుందో లేదో తేల్చకుండా కొత్తది పెట్టించుకోవడం డబ్బు దండగ. మొదట స్పీడ్ టెస్ట్. అది వైఫై మీద చేస్తే కొలిచేది మీ వైఫైని, ఫైబర్‌ని కాదు. ల్యాప్‌టాప్‌ను క్యాట్-5ఈ కేబుల్‌తో నేరుగా మోడెంకు కలిపి చేయండి. మీది 200 ఎంబీపీఎస్ ప్లాన్ అయి, ఎప్పుడు చూసినా 94, 95 దగ్గర ఆగిపోతుంటే కంపెనీని అనకండి: మోడెం పోర్టో, ల్యాప్‌టాప్ పోర్టో 100 ఎంబీపీఎస్‌ది అయి ఉంటుంది, లేదా కేబుల్‌లో నాలుగు జతల్లో ఒకటి తెగి ఉంటుంది. కేబుల్ మీద వేగం సరిగా వచ్చి, ఫోన్‌లో 30 వస్తుంటే ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిసి ఉండవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. అది రెండు గోడలు దాటదు కాబట్టి మోడెంను టీవీ వెనుక మూల నుంచి ఇంటి మధ్యకు తీసుకురండి. కంపెనీ మార్చినా ఈ గోడలు మారవు కదా.

తరువాత లైను బలం. మోడెం పేజీలోకి వెళితే (సాధారణంగా 192.168.1.1) ఆప్టికల్ లేదా పాన్ సమాచారం కింద ఆర్ఎక్స్ పవర్ అని ఉంటుంది, అంటే మీ మోడెంకు చేరే కాంతి బలం. లైన్‌మన్లు "పవర్ ఎంతొస్తోంది" అనేది దీన్నే. మైనస్ 15 నుంచి 24 మధ్య హాయిగా ఉంటుంది. మైనస్ 27 మామూలు జీపాన్ (ఒక ఫైబర్ పద్ధతి) మోడెంకు అంచు. దాటితే ఎర్ర లైటు వెలుగుతుంది, అదే ఎల్ఓఎస్, అంటే సిగ్నల్ పోయిందని. ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే లైన్‌మన్‌తో మాట్లాడటం తేలిక. ఓఎల్‌టీ నుంచి సుమారు ప్లస్ 3 బయలుదేరుతుంది. 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్ దగ్గర 17 డీబీ పోతుంది. ఐదు కిలోమీటర్ల తీగలో రెండు లోపు, అతుకుల్లో, కనెక్టర్లలో ఇంకో రెండు. అంటే మీ ఇంటికి మైనస్ 18 ప్రాంతంలో రావాలి. మీకు మైనస్ 26 వస్తుంటే ఎనిమిది డీబీ దారిలో ఎక్కడో కారిపోతోంది: కిటికీ దగ్గర మరీ వంచి మేకు కొట్టిన తీగ, సరిగా అతకని జాయింట్, ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దానిలో గుచ్చడం, కనెక్టర్ ముఖం మీద దుమ్ము. ఈ చివరి రెండూ చాలా చోట్ల చూడొచ్చు. ఆకుపచ్చది ఏటవాలుగా చెక్కిన ముఖం, నీలం తిన్ననిది, రెంటినీ కలిపితే మధ్యలో గాలి సందు మిగిలిపోతుంది. "నా పవర్ మైనస్ 26 వస్తోంది, జాయింట్ మళ్లీ కొట్టండి" అని అంకెతో అడిగితే లైన్‌మన్ స్ప్లైసింగ్ మెషిన్ తెస్తాడు. "నెట్ స్లోగా ఉంది" అంటే మోడెం ఆపి ఆన్ చేయమంటాడు.

అంకె బాగుంది, కేబుల్‌తో కొలిచినా పగలు 100 వచ్చి రాత్రి 12 వస్తోంది అనుకుందాం. అప్పుడు చాలావరకు ఆపరేటర్ బయటి బ్యాండ్‌విడ్త్ తక్కువ కొన్నాడని అర్థం. మార్చడానికి సరైన కారణం ఇదొకటి. ఓఎల్‌టీ పోర్టులోనే ఇరుకు ఉండే వీలూ ఉంది. జీపాన్‌లో ఒక్కో పోర్టు డౌన్‌లోడ్ వైపు 2.5 జీబీపీఎస్ ఇస్తుంది, దాన్ని 32 ఇళ్లు అన్నీ ఒకేసారి లాగితే ఇంటికి 77 ఎంబీపీఎస్‌కు మించి రాదు. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి 200 ప్లాన్లు నడుస్తున్నాయి. అయితే 64 ఇళ్లకు పంచిన చోట సాయంత్రం ఇరుకు తెలుస్తుంది. యజమాని మారిన తరువాత మూడు నాలుగు వారాలు సాయంత్రం ఎనిమిది నుంచి పదకొండు మధ్య కేబుల్‌తో కొలిచి రాసిపెట్టుకోండి. పెద్ద కంపెనీ చేతికి వచ్చాక ఈ అంకె పెరిగితే, పేరు మారడం మీకు కలిసొచ్చినట్టే.

కరెంటు పోయినప్పుడు నెట్ ఉంటుందా అన్నది మన ఊళ్లలో వేగం కన్నా ముఖ్యం. అసలు ఫైబర్ (పాన్, అంటే ఇంటిదాకా గాజు తీగే వచ్చే పద్ధతి) అయితే దారిలో ఉండే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. మీ మోడెంకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే, ఆపరేటర్ గదిలో బ్యాటరీ ఉన్నంతసేపు నెట్ ఉంటుంది. కొనేముందు మోడెం అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చూడండి, 1, 1.5, 2 అని రకరకాలుగా ఉంటాయి. యూపీఎస్ అంతకన్నా తక్కువ ఇస్తే మోడెం మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో, పాత కేబుల్ నెట్‌వర్క్‌లలో కింద ఒక స్విచ్ పెట్టి అక్కడి నుంచి రాగి లాన్ కేబుల్ ఇంటికి లాగుతారు. ఫైబర్ అనే పిలుస్తారు. ఆ స్విచ్‌కు కరెంటు పోతే మీ యూపీఎస్ ఏమీ చేయలేదు. ఇంట్లోకి వచ్చే తీగ ఏదో కళ్లారా చూడండి: సన్నటి గాజు తీగ, చదరపు కనెక్టర్ అయితే ఫైబర్. పారదర్శక ప్లాస్టిక్ ప్లగ్గు, ఎనిమిది రాగి తీగలైతే లాన్.

ఎయిర్‌ఫైబర్ గురించి రెండు మాటలు. అది తీగ కాదు, డాబా మీద పెట్టే రేడియో. జియో 2023 సెప్టెంబరు 19న మొదలుపెట్టింది, ఎయిర్‌టెల్ దానికి కొద్దిగా ముందు. తీగ రాని ఇంటికి మంచిదే, కానీ పక్కన ఫైబర్ ఉండగా దాన్ని తీసుకోకండి. టవర్ రద్దీ అంతా దానికీ తగులుతుంది, డేటా పరిమితి కూడా మామూలుగా నెలకు 1 టీబీ. ఫైబర్‌లో అన్‌లిమిటెడ్ అంటే చాలా ప్లాన్లలో 3300 జీబీ. ఇంటికి సరిపోతుంది.

సీసీ కెమెరాలను నేరుగా ఐపీ అడ్రస్‌తో బయటి నుంచి చూస్తుంటే ఒక జాగ్రత్త. మోడెం పేజీలో వాన్ ఐపీ (బయటి ఇంటర్నెట్ వైపు ఉండే అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే మీకు విడిగా పబ్లిక్ ఐపీ లేదు, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి నేరుగా కెమెరాకు దారి ఇవ్వడం) పని చేయదు. యజమాని మారగానే కెమెరాలు ఆగిపోయాయని చెప్పేవాళ్ల ఇంట్లో తరచూ జరిగేది ఇదే: పాత ఆపరేటర్ పబ్లిక్ ఐపీ ఇచ్చాడు, కొత్తవాళ్లు ఇవ్వరు. స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కట్టాలి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్‌కు మారాలి. మారేటప్పుడు మోడెం నెట్‌కు లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొత్తవి ఇస్తారు. అవి కాగితం మీద రాయించుకోండి. మోడెం రీసెట్ అయిన ఆదివారం రాత్రి అవి మీ దగ్గర లేకపోతే సోమవారం దాకా నెట్ లేనట్టే. సొంత మోడెం ఉంటే అది జీపానా, ఈపానా (రెండూ వేర్వేరు ఫైబర్ పద్ధతులు) అడిగి తేల్చుకోండి. ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు, రెండూ పట్టే ఎక్స్‌పాన్ అయితే చింత లేదు.

అన్నీ ఒకే కంపెనీలో ఎందుకు వద్దన్నానంటే, తగ్గింపు నిజమే కానీ తెగినప్పుడు అన్నీ కలిసి తెగుతాయి. ఊరి బయట రోడ్డు తవ్వకంలో ఆ కంపెనీ ప్రధాన ఫైబర్ తెగితే మీ ఇంటి నెట్, అదే ఫైబర్ మీద నడిచే టవర్, రెండూ పోవచ్చు. యూపీఐ లేదు, ఓటీపీ లేదు, కంప్లైంట్ చేయడానికి ఫోనూ లేదు. రెండో ఇబ్బంది బిల్లు. కలిపిన బిల్లుల్లో నంబర్లు పోస్ట్‌పెయిడ్ అవుతాయి. నెట్ బిల్లు మీద తగాదా వచ్చి కట్టకపోతే ఆ బకాయి నంబరు పోర్ట్‌కు అడ్డం పడుతుంది. పైగా బ్రాడ్‌బ్యాండ్ ప్రకటనల్లోని ధర మీద 18 శాతం జీఎస్టీ వేరుగా పడుతుంది. ప్రీపెయిడ్ ధరలో అది కలిసే ఉంటుంది. ఈ తేడా లెక్కలో వేశాక తగ్గింపు ఎంత మిగిలిందో చూడండి.

పోర్ట్ ఇలా చేయండి. మార్చాల్సిన నంబరు నుంచే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కు పంపండి. ప్యాక్‌లో ఎస్సెమ్మెస్ లేకపోయినా ఈ మెసేజ్‌కు వీలు కల్పించాలని 2021 డిసెంబరులో ట్రాయ్ అన్ని కంపెనీలకూ ఆదేశించింది. "పెద్ద రీఛార్జి చేస్తేనే వెళుతుంది" అంటే నమ్మకండి. జవాబుగా ఎనిమిది అక్షరాల యూపీసీ, అంటే పోర్ట్ కోడ్, వస్తుంది, అది 4 రోజులు చెల్లుతుంది. ఆధార్‌తో కొత్త కంపెనీ స్టోర్‌కు వెళ్లి ఆ కోడ్ ఇస్తే సిమ్ ఇస్తారు. నంబరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లే వెళ్లాలి. సర్కిల్ లోపల అయితే 3 పనిదినాలు, సర్కిల్ మారితే 5. మనసు మారితే దరఖాస్తు ఇచ్చిన 24 గంటల్లోపు అదే పద్ధతిలో క్యాన్సిల్ అని కొట్టి నంబరుతో 1900కు పంపవచ్చు.

కోడ్ రాకపోతే కారణం ఈ కొద్దిలోనే ఉంటుంది: ఆ కంపెనీలో ఇంకా 90 రోజులు నిండలేదు, పోస్ట్‌పెయిడ్ బకాయి ఉంది, నంబరు పేరు మార్పిడి నడుస్తోంది, లేదా ఈ మధ్యే డూప్లికేట్ సిమ్ తీసుకున్నారు. చివరిది 2024 జులై 1 నుంచి వచ్చిన నిబంధన: సిమ్ పోయిందనో పాడైందనో మార్చుకుంటే ఆ తరువాత 7 రోజుల వరకు కోడ్ ఇవ్వరు. దొంగలు మన పేరుతో సిమ్ తీసుకుని వెంటనే పోర్ట్ చేసుకుపోకుండా పెట్టింది, మంచి నిబంధన. పోస్ట్‌పెయిడ్ వాళ్లు ఇంకొకటి గమనించాలి. పోర్ట్ అయ్యాక పాత కంపెనీ నుంచి చివరి బిల్లు వస్తుంది. "వెళ్లిపోయాం కదా" అని కట్టకపోతే పాత కంపెనీ ఫిర్యాదు మీద కొత్త కంపెనీ మీ నంబరును ఆపేయవచ్చు.

ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్సు, రోజులు పోర్ట్‌తో పోతాయి, వెనక్కి రావు. అందుకని ప్యాక్ ఇంకా వారం ఉండగా మొదలుపెట్టండి: ఎక్కువ నష్టం ఉండదు, మధ్యలో గడువు తీరి ఇరుక్కోరు. మారే తేదీ మెసేజ్ వస్తుంది. సాధారణంగా రాత్రిపూట పాత సిమ్ సిగ్నల్ పోతుంది, కొద్ది గంటల్లో కొత్తది పలుకుతుంది. అప్పటిదాకా పాత సిమ్ తీయకండి. కొత్త సిమ్ పడ్డాక యూపీఐ యాప్‌లు మళ్లీ నంబరు నిర్ధారణ అడుగుతాయి, అందుకు ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లాలి. కాబట్టి మొదటి రీఛార్జి ఎస్సెమ్మెస్ ఉన్న ప్యాక్‌తో చేయండి. నాన్నగారి నంబరుకు మాత్రం పెన్షన్ పడే రోజులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు లాంటివి లేని వారం చూసుకోండి. ఫోన్‌లో కొత్త కంపెనీ 4జీ కాల్స్, అంటే వోల్టే, పని చేస్తున్నాయని టెస్ట్ సిమ్‌తో ముందే ఆ ఫోన్‌లోనే చూడండి.

ల్యాండ్‌లైన్ నంబరుకు మాత్రం ఈ సౌకర్యం లేదు. బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ నంబరు ముఖ్యమైతే దాన్ని వాళ్ల ఫైబర్‌లోకే మార్చమని అడగాలి, వేరే కంపెనీకి ఆ నంబరు రాదు.

ఫిర్యాదుకు 198. ప్రతిసారీ డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి, అది లేని ఫిర్యాదు లేనట్టే. తీరకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయండి, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించదు, అక్కడ రాసి నెలలు పోగొట్టుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలికాం కేసులు వినియోగదారుల కమిషన్ వినవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది కూడా. ఫైబర్ లైను మూడు రోజులు దాటి బాగు చేయకపోతే ఆ రోజుల అద్దె తగ్గించాలన్నది 2024 నిబంధనల్లో ఉంది. డాకెట్ నంబరు, తేదీ ఉంటేనే అది అడగగలరు.

చివరికి ఫైబర్ కూడా మార్చాలనే తేలితే, కొత్తది వచ్చి రెండు వారాలు నడిచాక పాతది తీయించండి. పాత మోడెం, అడాప్టర్ తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు రాయించుకోండి, మోడెం వెనక స్టిక్కర్‌ను ఫొటో తీసిపెట్టుకోండి. యజమాని మారిన కంపెనీల్లో పాత రికార్డులు సరిగా చేతులు మారవు. ఆరు నెలల తరువాత "మోడెం ఇవ్వలేదు, డిపాజిట్ రాదు" అన్నప్పుడు చూపించడానికి ఆ రసీదు ఉండాలి.